నాన్న బరువు నూరు

ఈ రెండేళ్ళలో తెలుగు సినిమా బాగుపడిందని అందరూ అన్నారు. సెంటిమెంటు మళ్ళీ పండుతోందన్నారు. మన దర్శకులకి జనాన్ని ఏడిపించే విద్య తిరిగి వచ్చిందని ఒకాయన ఏకంగా పుస్తకమే వేశాడు. అదేం లేదండీ. సినిమాలు ఎప్పట్లాగే ఉన్నాయి. మా నాన్న చావు అరిగిపోయింది, అంతే.

పోయిన నెల నుంచి తక్కెడ మార్కులు రావడం లేదేమని మీరు మెసేజీల మీద మెసేజీలు పెడుతున్నారు. నన్నెవరో కొనేశారని కొందరు, నేను పోయానని కొందరు అనుకుంటున్నారట. రెండూ కాదు. జరిగింది చెబుతాను. నా పేరు సుభాషిణి. విజయవాడ గాంధీనగర్‌లో ఉంటూ ఇరవై ఎనిమిదేళ్ళుగా సినిమాల మీద రాస్తున్నాను. ఇన్నేళ్ళలో ఏనాడూ క్లైమాక్స్ బయటపెట్టలేదు. కథ ముక్కాలు వంతు చెప్పి, "మిగతాది తెర మీద చూడండి" అని రాసి చేతులు దులుపుకోవడం మా వృత్తి ధర్మం. ఈ ఒక్కసారికి ఆ ధర్మం తప్పుతున్నాను. మా తమ్ముణ్ణి అడిగే రాస్తున్నాను.

తక్కెడ రాకముందు మా బతుకంతా రెండు ముప్పావు. సినిమా బాగుందంటే ఆ హీరో మనిషివంటారు, బాగాలేదంటే వాళ్ళ అభిమానులు ఇంట్లో వాళ్ళని కూడా కలిపి తిడతారు. అందుకని మా వాళ్ళు వచ్చిన ప్రతి సినిమాకీ అయిదుకి రెండు ముప్పావు వేసి గోడ మీద పిల్లుల్లా కూర్చునేవారు. నేనూ కూర్చున్నాను, అబద్ధమెందుకు. ఒకసారి మాత్రం ఒక తల్లి సెంటిమెంటు సినిమాని పట్టుకుని, ఇందులో తల్లి చచ్చిపోతుంటే నాకు పాప్‌కార్న్ గుర్తొచ్చిందని రాశాను. దర్శకుడు ఫోన్ చేశాడు.

"మీకు మనసుందా మేడం?" అన్నాడు.

"ఉంది. కొలిచి చూపించమంటారా?" అన్నాను.

నోటి దురుసు నాకు మొదట్నుంచీ ఉన్నదే. ఆ మాట అన్న ఆరు నెలలకి నిజంగానే కొలిచే మనిషి మా మెట్లెక్కి వచ్చింది.

ఆవిడ పేరు డాక్టర్ షమీమ్. గుంటూరు మనిషి, అప్పటికి ముప్పై ఐదేళ్ళుంటాయి. మాట పడిపోయిన రోగుల బాధ ఎంతుందో కొలవడానికి తక్కెడ అని ఒక యంత్రం మొదలుపెట్టింది. ఆసుపత్రులు ఆలోచిస్తూ ఉండగానే సినిమావాళ్ళు అందుకున్నారు. సినిమాల సంగతి ఆవిడకి ఒక్క ముక్క తెలియదు. హాల్లో కూర్చుంటే పది నిమిషాల్లో నిద్రొస్తుందని మొదటి రోజే చెప్పేసింది. అందుకే ఆ పిల్ల నాకు నచ్చింది.

"కిలో బియ్యం తూచాలంటే అవతల పళ్ళెంలో కిలో రాయి ఉండాలి కదా మేడం. ఏడుపు తూచాలంటే అవతల ఏం పెట్టాలి?" అని అడిగింది.

"ఇంకో ఏడుపు."

"అది నిజమైందయి ఉండాలి. అదే నేను వెతుకుతున్న పడికట్టు రాయి."

ఊరి చివర ఆవిడ ప్రయోగశాలలో పద్నాలుగు సీట్ల చిన్న హాలుంది. మధ్య సీట్లో నన్ను కూర్చోబెట్టి తలమీద జల్లెడ బోర్లించినట్టు ఒక టోపీ పెట్టారు. నవ్వుకీ భయానికీ వేరే మనుషులున్నారట. ఏడుపు నా వంతుకి వచ్చింది.

"మీ జీవితంలో అన్నిటికన్నా బరువైన దుఃఖం ఏది?"

"మా నాన్న పోవడం."

"మొదట్నుంచీ చెప్పండి. మీ మాటల్ని కాదు, చెబుతుంటే మీ ఒంట్లో ఏమవుతుందో దాన్ని తక్కెడ రాసుకుంటుంది."

చెప్పాను. దివిసీమలో మా ఊరు. ఊళ్ళో వీరభద్ర టాకీస్. మా నాన్న కేశవరావు అందులో ఆపరేటరు. నాకప్పుడు పదకొండేళ్ళు, మా తమ్ముడు శశిధర్‌కి మూడు. వాడికి జ్వరం ముదిరితే మా అమ్మ వాణ్ణి తీసుకుని మచిలీపట్నం ఆసుపత్రిలో ఉంది. మ్యాట్నీకి నేను అన్నం క్యారేజీ పట్టుకుని కేబిన్‌కి వెళ్ళాను. కేబిన్‌లో రెండు మిషన్లు. ఒకదాంట్లో రీలు అయిపోతుందనగా తెర పైమూల చుక్క పడుతుంది. మొదటి చుక్కకి రెండో మిషను మోటారు వెయ్యాలి, రెండో చుక్కకి బొమ్మ అటు మార్చాలి. అలా మారిస్తే చూసేవాళ్ళకి తెలియనే తెలియదు. నాన్న అన్నం తినలేదు. గుండె రాసుకుంటూ స్టూలు మీద కూర్చున్నాడు. ఆ నొప్పితోనే చివరి రీలు మార్చాడు. షో ఆగలేదు. తెర మీద శుభం పడేసరికి ప్రాణం పోయింది.

"ఆ చివరి రీలు నడుస్తున్నంతసేపూ ఏం జరిగింది?" అంది షమీమ్.

"అది క్లైమాక్స్. మేం క్లైమాక్స్ చెప్పం" అన్నాను.

మా వృత్తి వాళ్ళ హాస్యం అనుకుని నవ్వి ఊరుకుంది. నేను కూడా నవ్వాను. తక్కెడ తెర మీద గీత లేవగలిగినంత ఎత్తు లేచింది. ఆ ఎత్తుకి నూరు అని పేరు పెట్టారు. నేను ఇంటికి వెళ్ళి మూడు రోజులు జ్వరంతో పడుకున్నాను. నాన్న బరువు నూరు.

ఆ తర్వాత నుంచి శుక్రవారాలు ఎలా గడిచాయో మీకు తెలుసు. ఉదయం ఆటకే నేను ఆ టోపీతో కూర్చునేదాన్ని. తెర మీద ఎవరైనా ఏడవడం మొదలుపెట్టగానే తక్కెడ నాలో నాన్నని ఒక్క క్షణం లేపేది. ఆ క్షణంలో నాన్నకి నా ఒళ్ళు ఎంత కుంగిందో, ఎదురుగా ఉన్న దృశ్యానికి ఎంత కుంగిందో పక్కపక్కన పెట్టి చూసేది. మ్యాట్నీ కల్లా మార్కు బయటికి వచ్చేది. మొదటి సినిమాకి నూటికి పదకొండు. వెయ్యి థియేటర్లలో విడుదలైన అన్నదమ్ముల సినిమాకి తొమ్మిది. పాప్‌కార్న్ దర్శకుడి కొత్త సినిమాకి నాలుగు. ఆయన మళ్ళీ ఫోన్ చేశాడు గానీ ఈసారి ఏమీ మాట్లాడలేదు. ఊపిరి వినిపించింది, పెట్టేశాడు. నాకు పండగే. ఎవరి మనిషివని అడిగేవాళ్ళు లేరు, మా నాన్న చావుకి పార్టీ లేదు కదా.

అయిదేళ్ళలో నాలుగు వందల ఎనభై సినిమాలు. సినిమాకి పది పన్నెండు ఏడుపులు వేసుకున్నా నాన్నని అయిదు వేలసార్లు లేపి పడుకోబెట్టాం. మూడో ఏడు దాటాక మార్కులు పెరగడం మొదలయింది. ముప్పై, నలభై. పోయినేడు ఒక కుక్క సినిమాకి అరవై నాలుగు వచ్చింది. పేపర్లన్నీ స్వర్ణయుగం అన్నాయి. ఊళ్ళలో జనం మాత్రం ఎప్పట్లాగే ఇంటర్వెల్లో పకోడీలు తిని, బాగానే ఉందిలే అనుకుంటూ ఇళ్ళకి పోయారు. అప్పుడైనా నాకు వెలగాలి. వెలగలేదు.

వెలగనివి ఇంకా ఉన్నాయి. మా పిన్ని పోతే వెళ్ళాను. అందరూ శవం మీద పడి ఏడుస్తుంటే నేను వాళ్ళ హాల్లో ఫ్యాను మీద దుమ్ము చూస్తూ కూర్చున్నాను. ఎవరో కాఫీ ఇస్తే తాగి, చక్కెర తక్కువైందని చెప్పాను. వయసుతో పాటు గట్టిపడ్డాననుకున్నాను. నవ్వు రాయి ఇచ్చినాయన రాజమండ్రి నుంచి వచ్చేవాడు. వాళ్ళ పెళ్ళిలో పురోహితుడి పంచె ఊడిన సంగతి ఆయన ఇచ్చింది. ఈమధ్య కనబడితే ఆ సంగతి నాకు పూర్తిగా చెప్పాడు. చెప్పడం అయిపోయాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. బస్సుకి టైమయిందని ఆయన లేచాడు.

నాన్న తిథి మాఘమాసంలో వస్తుంది. చల్లపల్లిలో తమ్ముడింట్లో చేస్తాం. వాడు రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబు నడుపుతాడు. కేశవా ఆక్వా ల్యాబ్ అని బోర్డు మీద నాన్న పేరే ఉంటుంది. ఆ రోజు భోజనాలయ్యాక మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. అందరూ చాపల మీద కూర్చుంటారు, నేను నాన్న ఆఖరి రోజు చెబుతాను. శశికి నాన్న మొహం కూడా గుర్తులేదు. నేను చెబితేనే వాడికి నాన్న. ప్రతి ఏడూ అదే కథ, ప్రతి ఏడూ చివరి రీలు దగ్గరికి వచ్చేసరికి వాడు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. తర్వాత తువ్వాలు తీసి పిల్లలతో, "చూశారా, ప్రాణం పోతున్నా మీ తాత షో ఆపలేదు" అంటాడు. వాడికి అదే గాయత్రి. తుఫాను వచ్చి ఊరంతా మునిగినా ల్యాబు మూయలేదు.

ఈసారి కూడా చెప్పాను. క్యారేజీ, రెండు మిషన్లు, చుక్క. సగంలో ఉండగా మా మరదలు మాధురి తమలపాకులు తుడవడం ఆపి నా వంక చూసింది. నేను చెబుతూనే ఉన్నాను. శశి తువ్వాలు తీసుకోలేదు.

"ఆపక్కా" అన్నాడు.

"ఏమైంది?"

"నువ్వేం అన్నావో నీకు తెల్సా? 'ఇక్కణ్ణుంచి కథ ఊపందుకుంటుంది' అన్నావు."

పిల్లలు నవ్వబోయి తల్లి మొహం చూసి ఆగారు.

"నోరు జారిందిరా" అన్నాను.

"జారలేదక్కా. పోయినేడూ ఇంతే. నువ్వు నాన్న గురించి చెప్పట్లేదు, రివ్యూ చెప్తన్నావు." వాడి గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది. "నాకున్న నాన్నంతా నీ నోట్లో ఉన్నాడు. నాకింకెక్కడా లేడు. నువ్వూ ఇట్టా అయితే నేనెక్కడికెళ్ళి తెచ్చుకోవాలి?"

బాధ పడాల్సిన చోట ఇది అని తెలుస్తోంది, చెప్పుల స్టాండు ఎక్కడుందో తెలిసినట్టు. వాడు లేచి పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుంటూ చాలాసేపు ఉండిపోయాడు. మాధురి నాకు బస్సు దాకా తోడొచ్చింది. దారిలో వంకాయల ధర గురించి మాట్లాడింది.

సోమవారం షమీమ్ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది. అయిదేళ్ళ కిందటి మొదటి సినిమాని, పదకొండు వచ్చినదాన్ని, మళ్ళీ వేయించి నన్ను కూర్చోబెట్టింది. అదే ముసలామె, అదే రైలు, అదే దగ్గు. డెబ్బై తొమ్మిది వచ్చింది.

మా ఇద్దరికీ ఒకేసారి అర్థమయింది. ముందు ఆవిడే నోరు తెరిచింది.

"జ్ఞాపకం పుస్తకంలో ఉన్న పేజీ కాదు మేడం. తీసినప్పుడల్లా మెదడు దాన్ని కొత్తగా రాసి లోపల పెడుతుంది. మామూలుగా ఏడాదికోసారి తీస్తే పర్లేదు. మనం వాడింది..." ఆగింది. "రాయి అరిగింది. సినిమాలు పెరగలేదు. తప్పు నాది, నేను ముందే చూసుకోవాల్సింది."

"ఇప్పుడెంతుంది మా నాన్న?"

చెప్పడానికి ఇష్టపడలేదు. నేనే వంగి తెర మీద చూశాను. పద్నాలుగు.

అంకె చూసి కూడా నాకేమీ కాలేదు. కాలేదన్న సంగతికే కాస్త భయం వేసింది. ఆ భయమూ నిలవలేదు. టీ తాగాం.

తర్వాత ఆవిడ నా పాత గీతల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి చూపించింది. అన్నీ ఒకేచోట తెగిపోతున్నాయి. చివరి రీలు మొదలయ్యే చోట. తెగినచోటికి అవతల ఒక చిన్న గడ్డలాంటిది ఉంది. అయిదేళ్ళ కిందట ఎంత ఎత్తుందో ఇవాళా అంతే ఉంది.

"ఇది మీరెప్పుడూ తక్కెడకి ఇవ్వలేదు. ఆ రోజు క్లైమాక్స్ చెప్పం అన్నారు చూడండి, అది. మీ మిగతా జ్ఞాపకమంతా కలిపినా దీనంత బరువు లేదు. ఏముంది మేడం ఇందులో?"

నేను ఖాళీ టీ కప్పు పక్కకి జరిపాను.

"మీ ఇష్టం. ఇస్తే రాయి మళ్ళీ నూరు దాటుతుంది, నాలుగేళ్ళు తూచుకోవచ్చు. దాచకుండా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, నాలుగేళ్ళయ్యాక ఇది కూడా అరుగుతుంది. ఆ తర్వాత దాని వల్ల మీకు బాధనేది ఉండదు."

ఆవిడ హెచ్చరికగానే చెప్పింది. నాకు మాత్రం ఆ చివరి మాట వరంలా వినిపించింది. నలభై ఏళ్ళుగా ఆ గడ్డని మోస్తున్నాను. దాన్ని తీసేసే చోటు ఒకటుందని, అదీ పద్నాలుగు సీట్ల ఏసీ హాల్లో కూర్చుని సినిమాలు చూస్తే చాలని ఒక మనిషి చెబుతుంటే వద్దనడానికి నేనేమన్నా యోగినా? గురువారం వస్తానన్నాను. ఆ శుక్రవారం పెద్ద సినిమా ఉంది, రాయి సిద్ధంగా ఉండాలి.

గురువారం ఉదయం టోపీ పెట్టుకుని కూర్చున్నాను. షమీమ్ మీటలు సరిచేసుకుంటూ మామూలుగా అడిగింది.

"ఈ ముక్క ఇదివరకు ఎవరికైనా చెప్పారా?"

"లేదు."

"ఒక్కరికి కూడా?"

"మా అమ్మకి కూడా."

"అయితే మంచిది. మొదటిసారి చెప్పినప్పుడే బరువంతా ఉంటుంది. తర్వాత ఎన్నిసార్లు చెప్పినా అంత రాదు. మొదలుపెట్టండి మేడం."

కేబిన్ దగ్గర మొదలుపెట్టాను. స్టూలు. నాన్న గుండె రాసుకుంటున్న చెయ్యి. ఇంతవరకూ నున్నగా, అరిగిన మెట్లు దిగినట్టు దిగిపోయాను. తర్వాతి మెట్టు మీద కాలు పెట్టాను. తెర మీద గీత కదలడం నాకు కనబడుతోంది. సరిగ్గా అప్పుడే నాకొక ఆలోచన వచ్చింది. మొదటిసారి చెప్పినప్పుడే బరువంతా ఉంటుందంటే, ఆ మొదటిసారి ఎవరిది? రేపు విడుదలయ్యే సినిమాదా?

టోపీ తీసి సీట్లో పెట్టాను.

"బాగాలేదా మేడం? నీళ్ళు తాగుతారా?"

"తక్కెడ మూసెయ్యమ్మా" అన్నాను. "నవ్వాయన్ని కూడా రావొద్దని చెప్పు."

షమీమ్ నన్ను ఆపలేదు. గేటు దాకా వచ్చి, మీ తమ్ముడికి నా తరఫున క్షమాపణ చెప్పండి అంది. చల్లపల్లి బస్సెక్కాను.

శశి ల్యాబులో ఉన్నాడు. బల్ల నిండా చెరువు నీళ్ళ సీసాలు, మూతల మీద రైతుల పేర్లు. ఒక సీసాలో మందు చుక్కలు వేసి రంగు మారుతుందేమో చూస్తున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు గానీ చేతిలో సీసా దించలేదు.

"ఏంటక్కా, చెప్పా పెట్టకుండా?"

"ల్యాబు మూసెయ్యరా కాసేపు."

"మధ్యాహ్నం పూట మూస్తే ఎట్టా? రైతులొస్తారు. షో ఆపకూడదు" అని అలవాటుగా నవ్వాడు.

ఆ నవ్వు చూసి వెనక్కి పోదామనుకున్నాను. పోతే ఈ జన్మలో చెప్పలేనని తెలుసు. నేనే వెళ్ళి తలుపు దగ్గరకి వేసి వచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"నాన్న షో ఆపలేదని చెబుతాను కదా ప్రతి ఏడూ. ఆ ముక్క అబద్ధం."

వాడు సీసా బల్ల మీద పెట్టాడు.

చెప్పాను. నాన్న స్టూలు మీద కూర్చున్నప్పుడు నేను రీలు పెట్టె మీద నిలబడి కేబిన్ కంతలోంచి సినిమా చూస్తున్నాను. నాన్న, "సుభా, కింద కొట్లో సోడా పట్రామ్మా, గుండెల్లో పట్టేసినట్టుంది" అన్నాడు. తెర మీద హీరోయిన్ని కట్టేశారు, హీరో ఇంకా రాలేదు. నేను వెనక్కి తిరక్కుండానే, "ఒక్క నిమిషం నాన్నా" అన్నాను. నాన్న నవ్వాడు. "సరేలే, చూడు" అన్నాడు. మళ్ళీ అడగలేదు. నేను చూస్తూనే ఉన్నాను. మొదటి చుక్క పడింది. రెండో చుక్క పడింది. తెర తెల్లబడింది. హాలంతా ఈలలు, కాళ్ళతో చప్పుళ్ళు, ఆపరేటర్ చచ్చాడా అని ఒకటే కేకలు. అప్పుడు తిరిగాను. నాన్న గోడవారన కింద పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, నా వైపే ఉన్నాయి. చెయ్యి ఇంకా కదులుతోంది.

"మిషను తిప్పడం నాకొచ్చు శశీ. నాన్నే నేర్పాడు. ముందు రెండో మిషను వేశాను. బొమ్మ పడింది. అప్పుడైనా నాన్న దగ్గరికి వెళ్ళలేదు. పెట్టె ఎక్కి మళ్ళీ కంత దగ్గర నిలబడ్డాను. నిద్రపోయాడనుకున్నానని ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అనుకోలేదురా. ఏదో అయిందని తెలుసు. తెలిసే, ఇది అయిపోయాక అనుకున్నాను. పదకొండు నిమిషాల రీలు. శుభం పడ్డాక అరిచాను. డాక్టరొచ్చి ఎంతసేపయిందని అడిగాడు. ఇప్పుడే అన్నాను. రీలు మార్చింది నాన్నేనని అందరూ వాళ్ళంతట వాళ్ళే అనుకున్నారు. నేను ఊరుకున్నాను."

అయిదేళ్ళలో మొదటిసారి నాకు నొప్పి తెలిసింది. అది ఎక్కడా అరగలేదు. సోడా అడిగిన గొంతు నిన్న విన్నట్టే ఉంది.

ఎవరో రైతు తలుపు తట్టి, పిలిచి, వెళ్ళిపోయాడు. బల్ల మీది సీసాలో నీళ్ళు గులాబీ రంగుకి తిరిగాయి. వాడు చూసుకోలేదు.

"అయితే షో ఆపనిది నువ్వా" అన్నాడు.

"నేనే."

బయట బోర్డు మీద నాన్న పేరుంది. నన్ను తిట్టి పొమ్మంటాడనుకున్నాను. పొమ్మంటే పోదామనే వచ్చాను. వాడు బల్ల అంచు పట్టుకుని నావైపు చూడకుండా, ఊళ్ళో ఎవరైనా నన్ను అడిగే మాటే, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆటో డ్రైవర్ల నుంచి అందరూ అడిగే మాటే అడిగాడు.

"బాగుందా అక్కా సినిమా?"

ఎత్తిపొడుపు కాదు. వాడికి నిజంగా తెలుసుకోవాలని ఉంది. నాన్న పోయింది దేనికో వాడికి తెలియాలి కదా.

ఆ సినిమా నేను మళ్ళీ చూశాను, పదేళ్ళ కిందట టీవీలో. ఒట్టి చెత్త. హీరో ఎక్కడినుంచి వచ్చాడో కూడా చూపించలేదు. రాయాల్సి వస్తే రెండుకి మించి వెయ్యను. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచాను.

"బాగుందిరా" అన్నాను. "చాలా బాగుంది."

ఆ తర్వాత ఏడుపు వచ్చింది. నాకు ఏడవడం ఎలాగో మరిచిపోయినట్టుంది, ముక్కులోంచి, నోట్లోంచి ఎటుపడితే అటు వచ్చింది. శశి లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. తువ్వాలు కోసం అటూ ఇటూ చూసి, కనబడక, గుమ్మంలోకి వెళ్ళి బోర్డు మీద పగలూ రాత్రీ వెలిగే లైటు ఆర్పి, తలుపు గడియ పెట్టి వచ్చాడు.